ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ ఒకవైపు నీరసించిందా? ప్యానెల్ విప్పేముందు చేయాల్సిన పని

సమస్య క్లుప్తంగా ఇది: పాత ఎలక్ట్రోస్టాటిక్ జతలో ఎడమది కుడిదానిలో సగం కూడా మోగడం లేదు. ప్లగ్ పెట్టిన చాలాసేపటికి గానీ గొంతు తెరవదు. పాట లేనప్పుడు కూడా అప్పుడప్పుడు టిక్కుమంటోంది. కొత్త ప్యానెల్ కొనాలా, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

ఇంట్లో చేసుకోగలిగిన పనే. కాకపోతే ప్యానెల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఈ లక్షణాలన్నీ చెప్పేది ఒక్కటే: చార్జి ఎక్కడో కారిపోతోంది. ఎక్కడ కారుతోందో తేలేదాకా ప్యానెల్ విప్పితే, బాగున్న పొరను చించుకుని అసలు జబ్బును అలాగే ఉంచుకున్నట్టవుతుంది.

ఈ స్పీకర్‌లో కాయిల్ ఉండదు, అయస్కాంతం ఉండదు. చిల్లులున్న రెండు స్టేటర్ పలకల మధ్య కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పాలిఎస్టర్ పొర బిగించి ఉంటుంది. ఇదంతా కలిపితే ప్యానెల్. బయాస్ సప్లై ఆ పొరను కొన్ని వేల వోల్టులకు ఎక్కించి ఉంచుతుంది. యాంప్లిఫయర్ నుంచి వచ్చిన సిగ్నల్ స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి స్టేటర్లకు వెళ్తుంది. పొర మీద పడే బలం బయాస్ వోల్టేజీకి, సిగ్నల్ వోల్టేజీకి రెండింటికీ అనులోమం. అంటే బయాస్ సగానికి పడిపోతే, యాంప్లిఫయర్ ఎంత బాగున్నా, ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

బయాస్ వైపు కరెంటు దాదాపు సున్నా ఉండాలి. సప్లైకీ పొరకూ మధ్య పెద్ద రెసిస్టర్ ఉంటుంది. అది 100 మెగాఓమ్‌లు, బయాస్ 5 కిలోవోల్టులు అనుకుందాం. 5 మైక్రో ఆంపియర్లు కారితే ఆ రెసిస్టర్ మీదే 500 వోల్టులు పోతాయి, చెవికి పెద్దగా తెలియదు. 25 మైక్రో ఆంపియర్లు కారితే 2500 వోల్టులు పోతాయి, స్పీకర్ సగం చచ్చినట్టే. ఇంత చిన్న లీకేజీకి తేమ పట్టిన దుమ్ము పోగు ఒక్కటి చాలు.

ముందు ప్రాణం సంగతి

బయాస్ వోల్టేజీ అంకె చూసి అందరూ భయపడతారు. నిజానికి పెద్ద రెసిస్టర్ దాటి వచ్చే ఆ కరెంటు మైక్రో ఆంపియర్లలోనే ఉంటుంది, చురుక్కుమనిపిస్తుంది. ప్రాణం తీసేవి మిగతా రెండు. ఒకటి మెయిన్స్. రెండోది, చాలామంది మరిచిపోయేది, ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, అంటే స్టేటర్లకు వెళ్లే వైపు చుట్ట. 1:100 ట్రాన్స్‌ఫార్మర్‌కు యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తే అవతల 2000 వోల్టులు వస్తాయి, వెనక యాంప్లిఫయర్ శక్తి మొత్తం ఉంటుంది. అందుకని వెనక మూత తీసి ఉన్నప్పుడు స్పీకర్ వైరు యాంప్లిఫయర్‌కు తగిలించి ఉండకూడదు. "ఆఫ్‌లోనే ఉంది కదా" అన్నది చాలదు, వైరు పీకేయాలి.

మెయిన్స్ ప్లగ్ తీసి కనీసం అరగంట ఆగండి. తర్వాత 10 మెగాఓమ్‌ల హై వోల్టేజీ రెసిస్టర్‌ను ఇన్సులేటెడ్ కర్రకు కట్టి, దాని ద్వారా బయాస్ పాయింట్‌ను సప్లై గ్రౌండ్‌కు తాకించి పది సెకన్లు ఉంచండి. మల్టిప్లయర్‌లో (బయాస్ వోల్టేజీని మెట్లుమెట్లుగా పెంచే డయోడ్-కెపాసిటర్ సర్క్యూట్) ఒక్కో కెపాసిటర్ విడిగా చార్జి పట్టుకుని ఉండొచ్చు కాబట్టి ప్రతి దశ దగ్గరా ఇదే చేయండి. చివరగా క్లిప్ వైరుతో షార్ట్ చేసి, పని అయ్యేదాకా అలాగే వదిలేయండి. స్క్రూడ్రైవర్‌తో నేరుగా షార్ట్ చేసే అలవాటు మానుకోండి. ఆ ఒక్క దెబ్బకు డయోడ్ పోవచ్చు, పొర మీది పూత కాంటాక్ట్ దగ్గర కాలిపోవచ్చు.

మూత తీయకుండా చేసే పరీక్షలు

ఎడమ, కుడి స్పీకర్ వైర్లు తారుమారు చేయండి. నీరసం కుడి స్పీకర్‌కు మారితే తప్పు యాంప్లిఫయర్‌దో కేబుల్‌దో. ఇంకో మాట: ఈ స్పీకర్లు యాంప్లిఫయర్‌కు కెపాసిటర్‌లా కనిపిస్తాయి. ఎత్తు ఫ్రీక్వెన్సీల దగ్గర ఇంపీడెన్స్ 1–2 ఓమ్‌లకు, కొన్నిటిలో ఇంకా కిందకు దిగుతుంది. అది మోయలేక యాంప్లిఫయర్ ప్రొటెక్షన్ మాటిమాటికీ పడిపోతే స్పీకర్ విప్పి లాభం లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి మీటర్ కూడా అక్కర్లేదు. రెండు స్పీకర్లూ కొన్ని గంటలు ప్లగ్‌లో ఉంచండి. మోనో సిగ్నల్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, రెండింటి మెయిన్స్ ప్లగ్గులు ఒకేసారి పీకండి. బాగున్న ప్యానెల్ తన చార్జితోనే నిమిషాల తరబడి మోగుతూ ఉంటుంది. కారుతున్నది సెకన్లలో చతికిలబడుతుంది. కొన్ని మోడళ్లలో చార్జిని దించడానికి కావాలనే బ్లీడర్ రెసిస్టర్ పెడతారు, అందుకని ఎప్పుడూ జతలో రెండోదానితోనే పోల్చండి. సిగ్నల్ వస్తేనే బయాస్ ఆన్ అయ్యే మోడళ్లలో ముందుగా పది నిమిషాలు పాట నడవాలి.

ఫలితాన్ని చార్జి ఎక్కే తీరుతో కలిపి చదవాలి. నెమ్మదిగా ఎక్కి వేగంగా దిగితే లీకేజీ. నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగానే దిగితే లీకేజీ కాదు, దారిలో అడ్డం ఉంది: పొర మీది పూత అరిగి రెసిస్టెన్స్ పెరగడం, పొర అంచున కాంటాక్ట్ వదులవడం, లేదా సిరీస్ రెసిస్టర్ విలువ ఎగబాకడం. చార్జి ఎక్కడం, దిగడం రెండూ బాగుండి ధ్వని మాత్రమే తక్కువంటే ట్రాన్స్‌ఫార్మర్, స్టేటర్ వైపు వెళ్లండి.

చప్పుళ్లు కూడా ఆచూకీ చెబుతాయి. పాట లేకుండా ఇన్ని సెకన్లకొకసారి అని లెక్కగా టిక్కుమంటే అది బయాస్ వైపు. చార్జి ఒక హద్దుకు చేరగానే ఎక్కడో దూకుతోంది, మళ్లీ నిండుతోంది. గట్టిగా పాడినప్పుడు మాత్రమే ఫట్‌మంటే స్టేటర్‌కూ పొరకూ మధ్యో, ట్రాన్స్‌ఫార్మర్ తీగల దగ్గరో ఆర్కింగ్, అంటే నిప్పురవ్వ దూకడం. ఎడతెగని 'స్‌స్‌స్' చప్పుడైతే కరోనా, అంటే హై వోల్టేజీ మొన నుంచి చార్జి గాలిలోకి కారడం: ఎక్కడో సూదిమొనలాంటి సోల్డర్, తెగిన తీగ పోగు, లేదా దుమ్ము. గది పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటు పడేదాకా పది నిమిషాలు ఆగి చూస్తే నీలి చుక్క కనిపిస్తుంది. చెవితో చోటు పట్టాలంటే మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర గ్రిల్ ముందు తిప్పండి. గ్రిల్ తీయొద్దు.

మీరు చెప్పిన మూడు లక్షణాలను బట్టి బయాస్ లీకేజీ అనే నా అంచనా. అది సప్లైలోనా ప్యానెల్‌లోనా అన్నదే తేలాలి.

బయాస్ కొలవడం

మామూలు మల్టీమీటర్‌ను నేరుగా పెట్టొద్దు. ఒకటి, అది 1000 వోల్టులకు మించి తట్టుకోదు. రెండు, దాని 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్టే పెద్ద లీకేజీ. 100 మెగాఓమ్‌ల సిరీస్ రెసిస్టర్ తర్వాత 5 కిలోవోల్టులు కొలవబోతే 450 వోల్టులు చూపిస్తుంది, సప్లై పోయిందని మీరు పొరబడతారు.

హై వోల్టేజీ ప్రోబ్ లేకపోతే చేసుకోవచ్చు. ఒక్కొక్కటి కనీసం 1 కిలోవోల్టు తట్టుకునే 100 మెగాఓమ్‌ల రెసిస్టర్లు పది వరసగా సోల్డర్ చేసి, మందపాటి యాక్రిలిక్ గొట్టంలో పెట్టండి. మొత్తం 1 గిగాఓమ్. మీటర్ 10 మెగాఓమ్‌లతో కలిపి 101:1 నిష్పత్తి వస్తుంది. 5 కిలోవోల్టులకు మీటర్ 49.5 వోల్టులు చూపాలి. మీ మీటర్ నిజంగా 10 మెగాఓమ్‌లేనా అని ముందు చూసుకోండి: 9 వోల్టుల బ్యాటరీకి సిరీస్‌లో 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కొలిస్తే రీడింగ్ సగానికి పడాలి. ఈ ప్రోబ్ కూడా 5 మైక్రో ఆంపియర్లు తాగుతుంది కాబట్టి సిరీస్ రెసిస్టర్‌కు ముందు, అంటే మల్టిప్లయర్ చివర కొలవండి. మీటర్ గ్రౌండ్ క్లిప్‌ను ముందే గట్టిగా తగిలించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకునే కొలవాలి. గ్రౌండ్ క్లిప్ ఊడితే మీటరే 5 కిలోవోల్టులకు ఎక్కుతుంది.

ఎంత ఉండాలి అన్నది మోడల్‌ను బట్టి. 1957లో వచ్చిన బ్రిటిష్ కంపెనీ క్వాడ్ మొదటి ఎలక్ట్రోస్టాటిక్‌లో ట్రెబుల్ ప్యానెల్‌కు 1.5 కిలోవోల్టులు, బాస్ ప్యానెళ్లకు 6 కిలోవోల్టులు. అదే కంపెనీ 1981 నాటి ఈఎస్‌ఎల్-63లో 5.25 కిలోవోల్టులు. మీ మోడల్ అంకె దొరక్కపోతే కుడి స్పీకర్ కొలతే ప్రమాణం.

తర్వాత ప్యానెల్‌కు వెళ్లే బయాస్ వైరు ఊడదీసి, కొన గాలిలో దేనికీ తగలకుండా ఉంచి మళ్లీ కొలవండి. వోల్టేజీ లేచి కూర్చుంటే ప్యానెల్ కారుతోంది. లేవకపోతే సప్లై పోయింది. ప్రోబ్ చేసుకునే ఓపిక లేకపోతే కుడి సప్లైని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చి వినండి. రెండు స్క్రూడ్రైవర్ల పని, అదే సమాధానం.

సప్లై తప్పయితే

అదృష్టవంతులు. ఇది చౌక పని. చాలావాటిలో ఉండేది డయోడ్-కెపాసిటర్ నిచ్చెన, కాక్‌క్రాఫ్ట్-వాల్టన్ మల్టిప్లయర్. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 320 వోల్టుల ఏసీ ఇస్తే దాని పీక్ సుమారు 450, ఒక్కో దశకు 900 వోల్టులు చేరతాయి. ఆరు దశలకు 5.4 కిలోవోల్టులు. ప్రోబ్‌తో ఒక్కో దశ కొలుచుకుంటూ పోతే మెట్లు సమానంగా పెరగాలి. మెట్టు ఎక్కడ కుంగిందో అక్కడి డయోడో కెపాసిటరో పోయింది.

పోయింది ఒక్కటే అయినా మొత్తం మార్చేయండి, మిగతావి కూడా అదే వయసువి. పై లెక్కలో ఒక్కో డయోడ్ మీద 900 వోల్టులు పడతాయి. 1000 వోల్టుల 1ఎన్4007 సరిపోతుంది గానీ బొటాబొటిగా. 2 కిలోవోల్టుల డయోడ్లు దొరికితే అవే వేయండి. కెపాసిటర్లు అసలు ఉన్న విలువవే, ఎక్కువగా 10 నానోఫారడ్ ఉంటాయి, 1.6 లేదా 2 కిలోవోల్టుల రేటింగ్‌వి. కెపాసిటర్ విలువ పెంచి లాభం లేదు, డిశ్చార్జ్ చేసేటప్పుడు ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

డయోడ్ల దిశ పాతదే ఉండాలి. దిశ మొత్తం తిరగబడినా వోల్టేజీ అంతే వస్తుంది, స్పీకర్ చక్కగా మోగుతుంది. కానీ బయాస్ ధ్రువం మారితే ధ్వని ఫేజ్ తిరగబడుతుంది. జతలో ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే బాస్ మాయమై, మధ్యలో నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. రిపేర్ తర్వాత "అంతా ఉంది కానీ ఏదో లేదు" అనిపిస్తే ముందు ఇదే చూడండి.

సోల్డర్ చుక్కలు గుండ్రంగా, నున్నగా రావాలి. మొనలు తేలితే అక్కడినుంచే కరోనా. ఫ్లక్స్ మరకలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరాక హై వోల్టేజీ వార్నిష్ పూయండి. ఫ్లక్స్ కడగకుండా వదిలేస్తే కొత్త బోర్డు కూడా పాతదానిలాగే కారుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకుంటారు. చాలా పాత స్పీకర్లలో సప్లై అంతా ముద్దలో పోసి మూసిన బ్లాక్‌లా ఉంటుంది. దాన్ని తవ్వి బాగుచేసే బదులు కొత్త మల్టిప్లయర్ కట్టుకోవడం మేలు.

బోర్డు చేతిలో ఉన్నప్పుడే సిరీస్ రెసిస్టర్‌నూ చూడండి. అన్ని మెగాఓమ్‌లు మామూలు మీటర్ చూపదు. 1000 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్ (మెగ్గర్) చూపిస్తుంది.

ప్యానెల్ కారుతుంటే

విప్పకుండా చేయగలిగింది చాలా ఉంది. మొదట, డిశ్చార్జ్ చేసి కొన్ని గంటలు వదిలేశాక, మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో రెండువైపులా నెమ్మదిగా లాగండి. లాగాలి, ఊదకూడదు. కంప్రెసర్ గాలి దుమ్మును లోపలికే తోస్తుంది, పొరను కూడా చింపగలదు. వర్షాకాలంలో మొదలైన జబ్బయితే పొడి గదిలో రెండు రోజులు బయాస్ ఆన్ చేసి, పాట లేకుండా వదిలి చూడండి.

తర్వాత తీగలు. బయాస్ వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా ఫ్రేమ్‌కు ఒరుసుకుంటోందా, టెర్మినల్ చుట్టూ నల్లటి చార ఉందా చూడండి. ఆ చార కార్బన్, మంచి కండక్టర్. తుడిస్తే పోదు, గీకి తీసి ఆల్కహాల్‌తో కడిగి వార్నిష్ వేయాలి.

ఇప్పుడు స్టేటర్ తీగలు కూడా ఊడదీసి, ఇన్సులేషన్ టెస్టర్ 1000 వోల్టుల మీద పెట్టి, పొరకూ ముందు స్టేటర్‌కూ మధ్య, పొరకూ వెనక స్టేటర్‌కూ మధ్య విడివిడిగా కొలవండి. బాగున్న ప్యానెల్‌లో సూది కొలత దాటిపోతుంది. 1 గిగాఓమ్ చూపినా అది 5 కిలోవోల్టుల దగ్గర 5 మైక్రో ఆంపియర్లు. ఏ వైపు తక్కువ చూపితే దుమ్ము ఆ వైపే ఉంది.

ఎంత కారుతోందో బయాస్ ఆన్‌లో ఉండగానే చూడాలంటే నియాన్ దీపం చక్కటి ఉపాయం. బయాస్ దారిలో సిరీస్‌గా చిన్న నియాన్, దానికి సమాంతరంగా 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. కెపాసిటర్ నిండి నియాన్ వెలిగే హద్దు దాటగానే ఒక్కసారి మెరుస్తుంది. ఒక్కో మెరుపుకు సుమారు 0.3 మైక్రో కూలుంబులు వెళ్తాయి, అంటే సెకనుకొక మెరుపు ఉంటే 0.3 మైక్రో ఆంపియర్లు. చార్జి ఎక్కేటప్పుడు గబగబా మెరిసి, తర్వాత అరుదైపోవాలి. ఎప్పటికీ గబగబా మెరుస్తూనే ఉంటే కారుతోందన్నమాట. అది కూడా 5 కిలోవోల్టుల మీదే తేలుతుంటుంది, ఇన్సులేట్ చేయండి.

చిల్లుల లోహపు స్టేటర్లున్న ఒంపు ప్యానెళ్లను నీళ్లతో కడిగే పద్ధతి ఒకటుంది. ఎలాగూ కొత్తది కొనక తప్పదనుకున్నప్పుడే చేయాల్సిన ఆఖరి ప్రయత్నమది. ప్యానెల్‌ను పూర్తిగా విడదీసి, గోరువెచ్చటి నీళ్లు సన్నగా చల్లుతూ రెండువైపులా కడిగి, చివరగా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లలోని ఉప్పు ఆరిపోయాక మళ్లీ లీకేజీ దారి అవుతుంది. నిలబెట్టి కనీసం మూడు రోజులు ఆరనివ్వాలి. క్వాడ్ ప్యానెళ్లకు ఈ స్నానం వద్దు.

పొర మార్చాల్సి వస్తే

పూత అరిగినా, పొర సాగినా, కాలి పెద్ద రంధ్రం పడినా మార్చడమే. సూదిమొన రంధ్రం ఒకటీ అరా ఉంటే వదిలేయండి, వినపడదు.

6 మైక్రాన్ల పాలిఎస్టర్ ఫిల్మ్ సాధారణంగా సరిపోతుంది. నున్నటి బల్ల అంచు చుట్టూ సైకిల్ ట్యూబ్ బిగించి, ఫిల్మ్‌ను దాని మీదుగా కిందకు టేపుతో అంటించి, ట్యూబ్‌లో గాలి కొడితే నాలుగువైపులా సమానంగా సాగుతుంది. ముందుగా 500 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకుని, అవి 505 అయ్యేదాకా సాగదీయండి. 1 శాతం అన్నమాట. అడ్డంగా, నిలువుగా రెండువైపులా కొలవాలి. బిగువు తక్కువైతే బయాస్ ఎక్కగానే పొర స్టేటర్‌కు అతుక్కుంటుంది. ఆధారం లేకుండా వదిలిన వెడల్పు, పొరకూ స్టేటర్‌కూ మధ్య దూరానికి 70 నుంచి 100 రెట్లు మించకూడదన్నది కట్టేవాళ్ల మోటు లెక్క. 2 మిల్లీమీటర్ల దూరానికి 140 నుంచి 200 మిల్లీమీటర్లు.

అసలు నైపుణ్యమంతా పూతలో ఉంది. రెసిస్టెన్స్ మరీ తక్కువైతే పొర కదిలినప్పుడు చార్జి అటూ ఇటూ పరిగెత్తి బాస్ దగ్గర డిస్టార్షన్ వస్తుంది. ఆర్క్ వస్తే పొర మొత్తం చార్జి ఒకే చోటికి దూకి రంధ్రం చేస్తుంది. గ్రాఫైట్ పొడి చౌక: దూదితో రుద్ది, ఇంకో శుభ్రమైన దూదితో పోయిందేమో అనిపించేదాకా తుడవాలి. నల్లగా కనిపిస్తోందంటే ఎక్కువైనట్టే. కొలవడానికి 10 సెంటీమీటర్ల రేకు పట్టీలు రెండు, 10 సెంటీమీటర్ల దూరంలో ఒత్తిపెట్టి టెస్టర్ తగిలించండి. గ్రాఫైట్‌తో పదుల మెగాఓమ్‌లు తెచ్చుకుంటే ఫరవాలేదు. వందల మెగాఓమ్‌ల నుంచి కొన్ని గిగాఓమ్‌ల దాకా ఇచ్చే యాంటీస్టాటిక్ పూతలు ఇంకా మంచివి. పొరనూ స్టేటర్‌నూ ఎడంగా ఉంచే స్పేసర్ల మీద పడే అంచున పూత వద్దు, కాంటాక్ట్ పట్టీ ఆనే చోట తప్ప. చుట్టూ వేసే రాగి రేకు పట్టీకి మడత, మొన ఉండకూడదు. చెమట చేతులతో ముట్టుకోవద్దు, వేలిముద్ర కూడా లీకేజీయే. ఒక స్పీకర్‌లో పొర మారిస్తే రెండోదానిలోనూ మార్చండి, లేకపోతే జత కలవదు.

బయాస్ బాగుండీ ధ్వని తక్కువైతే

స్టేటర్ తీగ ఒకటి ఊడిపోతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గి డిస్టార్షన్ పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పరీక్షకు స్టేటర్ తీగలు విప్పి, ప్రైమరీకి (యాంప్లిఫయర్ వైపు చుట్ట) 400 హెర్ట్జ్ సిగ్నల్ 0.1 వోల్టు మాత్రమే ఇచ్చి సెకండరీ కొలవండి. 1:100 అయితే 10 వోల్టులు రావాలి, మధ్య ట్యాప్‌కు రెండువైపులా సమానంగా. ఒక సగం తక్కువైతే లోపల చుట్లు షార్ట్ అయ్యాయి, రీవైండింగే దారి.

ఈఎస్‌ఎల్-63లో ఇంకో మలుపుంది. ప్యానెళ్ల దగ్గర ఆర్కింగ్‌ను ఒక యాంటెనా తీగ పసిగట్టి, ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో ఇన్‌పుట్‌ను షార్ట్ చేసేస్తుంది. పాట మధ్యలో తెగిపోతుంటే ఆ రక్షణ సర్క్యూట్‌ను పీకేయకండి, అది చెబుతున్న ఆర్క్‌ను వెతకండి. 1957 మోడల్‌లో ఆ రక్షణ లేదు. 33 వోల్టుల పీక్ దాటితే ట్రెబుల్ ప్యానెల్ కాలుతుంది, పెద్ద యాంప్లిఫయర్ పెట్టినవాళ్లకు జరిగేది ఇదే.

బర్రుమనే చప్పుడు వేరే జబ్బు. 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా సైన్ సిగ్నల్ నెమ్మదిగా తిప్పి, గొట్టంతో చోటు పట్టండి. ఎక్కువసార్లు దోషి వదులైన డస్ట్ కవర్. కొత్త పల్చటి ఫిల్మ్ అంటించి, హీట్ గన్‌ను 150 డిగ్రీల దగ్గర ఆగకుండా తిప్పుతూ ఉంటే బిగుసుకుంటుంది. ఈఎస్‌ఎల్-63లో అయితే స్టేటర్ బోర్డును ప్లాస్టిక్ జాలీకి పట్టి ఉంచే జిగురు వయసుతో వదిలేస్తుంది. ప్యానెల్ విప్పి, పాత జిగురు గీకి, ఎపాక్సీతో మళ్లీ అంటించాలి.

అన్నీ బిగించాక వెంటనే పాట పెట్టొద్దు. బయాస్ మాత్రమే ఆన్ చేసి 24 గంటలు చూడండి. టిక్కు లేకపోతే తక్కువ వాల్యూమ్‌లో మోనో పెట్టి, రెండింటినీ పక్కపక్కన ఉంచి బాస్ తగ్గుతోందేమో వినండి. తగ్గితే ఒకదాని స్టేటర్ తీగలు తారుమారయ్యాయి. చివరగా ప్లగ్గులు పీకే పరీక్ష ఇంకోసారి చేసి, ఒక్కోటి ఎన్ని నిమిషాలు మోగిందో వెనక మూత లోపలివైపు తేదీతో రాసిపెట్టండి. ఆరు నెలలకొకసారి ఆ అంకెతో పోల్చుకుంటే, చెవికి తెలియకముందే లీకేజీ మొదలైనట్టు తెలిసిపోతుంది.